మొక్కు తీరకపోతే మాతకు కోపమొస్తదా? వేళాంగణి, గుణదల యాత్రల మీద మీ ప్రశ్నలు

ఆగస్టు దగ్గర పడుతుంటే తమిళనాడుల ఉన్న వేళాంగణి మాత గుడి గురించి ఉత్తరాలు, వాట్సాప్ మెసేజ్‌లు మస్తు వస్తయి, ఈసారి కూడ వచ్చినయి. రైళ్ళ గురించి, రూముల గురించి అడిగినోళ్ళు ఉన్నరు గానీ ఎక్కువమంది రాసింది భయం గురించి. మొక్కు తప్పినం, ఇప్పుడు ఏమైతదో అని. అందుకే ఆ ఉత్తరాలకు ఎక్కువ జాగ ఇస్తున్న, ప్రయాణం ముచ్చట కొంచెంల చెప్పి ఆపేస్త, ఏమనుకోకుండ్రి.

ప్రశ్న: మేము హిందువులం. నాకు చిన్నప్పుడు కామెర్లు బాగ ముదిరినయంట, అప్పుడు మా అమ్మ వేళాంగణి మాతకు మొక్కుకున్నది, నా తలనీలాలు ఇప్పిస్త, నేను మోకాళ్ళ మీద నడిచి గుడికొస్త అని. పైసలు లేక పోలేకపోయింది. శనివారం శనివారం కాజీపేట ఫాతిమా గుడికి మాత్రం పోయి కొవ్వొత్తి వెలిగించి వచ్చేది. మొన్న అమ్మ చనిపోయింది. ఇప్పుడు నా షాపు నడుస్తలేదు, బిడ్డకు ఊకె జ్వరాలు, మా చిన్నమ్మలు అందరు అది అమ్మ మొక్కే మీ మీద ఉన్నది అంటున్నరు. నాకేమో నడుములో డిస్క్ జారింది, మోకాళ్ళ మీద నడవొద్దని డాక్టర్ చెప్పిండు. ఏం చెయ్యాలె అక్కా? (హన్మకొండ నుంచి ఒక తమ్ముడు)

జవాబు: తమ్ముడూ, ముందుగాల బిడ్డ సంగతి. ఊకె జ్వరమొస్తున్నదంటే పిల్లల డాక్టర్‌కు చూపెట్టు, పరీక్షలు చేయించు, మొక్కు తీరినంక చూద్దాం అని మాత్రం ఆగకు. నీ బిడ్డ జ్వరానికీ మీ అమ్మ మొక్కుకూ ఏ సంబంధం లేదు. మాత ఎవలి పిల్లల మీదనో పగ తీర్చుకుంటదని కథోలిక శ్రీసభ, అంటే కథోలిక చర్చి, ఎన్నడూ నేర్పలేదు, నేర్పదు కూడ.

ఇగ మొక్కు ముచ్చట. చాలమందికి ఎరుక లేదు గానీ శ్రీసభ చట్టంల మొక్కుల గురించి చక్కగ రాసి ఉన్నది. ఇప్పుడు నడుస్తున్న చట్టం 1983ల వచ్చింది, దాంట్ల 1191 నుంచి 1198 దాక నియమాలు మొక్కులకు సంబంధించినవి. 1193వ నియమం ఏం చెప్తదంటే మొక్కు దాని స్వభావం ప్రకారం మొక్కుకున్న మనిషిని మాత్రమే కట్టేస్తది. కొడుకును కాదు, కోడల్ని కాదు, మనవరాల్ని అసలే కాదు. మీ అమ్మ మొక్కుకున్నది, పైసలు లేక పోలేకపోయింది, ఆమె మనసు దేవునికి ఎరుకే. నువ్వు బాకీ లేవు. ఇది నీకు ధైర్యం చెప్పడానికి అంటున్న మాట కాదు, చట్టంల ఉన్న మాట.

ఇంకొకటి, ఆ చట్టం ప్రకారం మొక్కు దేవునికి చేసేది, చెయ్యగలిగింది అయ్యుండాలె, మంచిది అయ్యుండాలె. మీ అమ్మే బతికుండి మోకాళ్ళు నొచ్చి నడవలేకపోయినా ఆమెకు దారి ఉండేది. ఒక మొక్కును దానికి సమానమైన మంచిపనిగనో, అంతకన్న మంచిదాని కిందనో మార్చుకోవాల్నంటే మొక్కుకున్న మనిషే మార్చుకోవచ్చు, ఎవల్నీ అడగనక్కర లేదు. అంతకన్న చిన్నదిగ మార్చుకోవాల్నంటే, లేకుంటే మొత్తానికే విడిపించుకోవాల్నంటే విచారణ గురువును, అంటే మీ ఊరి చర్చి చూసుకునే ఫాదర్‌ను, అడగాలె. ఆయనకు ఆ అధికారం ఉన్నది, తన విచారణ వాళ్ళకే కాదు యాత్రకొచ్చిన బయటి ఊరోళ్ళకు కూడ. ఇది చదువుతున్న పెద్దమనుషులు, మోకాళ్ళు అరిగిపోయినా ఇరవై ఏండ్ల కింది మొక్కు పట్టుకొని ఏడుస్తున్నోళ్ళు మస్తుమంది ఉన్నరు, మీకే చెప్తున్న, పోయి ఫాదర్‌ను కలువుండ్రి. పాపసంకీర్తనం, అంటే ఫాదర్ ముందట పాపాలు ఒప్పుకునుడు, చేసేటప్పుడు అడిగినా సరే, ఆఫీసుల కూసోని అడిగినా సరే.

మరి నువ్వు వేళాంగణి పోవద్దా అంటే, పోవాలె, నీకు మనసుంటే తప్పకుండ పోవాలె, కానీ భయంతోని కాదు, మీ అమ్మ మీద ప్రేమతోని పో. అక్కడ పాత కొలను ఒకటి ఉంటది, మాతా కులం అంటరు. పెద్దల నుంచి వస్తున్న కథ ఏందంటే పదహారో శతాబ్దంల ఒక పాలు పోసే పిల్లగాడు ఆ కొలను కాడ చెట్టు నీడకు పడుకుంటే చంకల బిడ్డతోని ఒక తల్లి కనబడి పాలు అడిగిందంట, వాడు పోసిండు, పాలు తక్కువైనయని తిడుతరేమోనని భయపడుకుంట ఖాతాదారు ఇంటికి పోతే కుండ నిండుగ ఉన్నదంట. ఇంకో కథల ఒక కుంటి పిల్లగాడు మజ్జిగ అమ్ముకుంటుంటే అదే తల్లి మజ్జిగ అడిగి, నాగపట్నంల ఉన్న ఒక పెద్దమనిషికి కబురు చెప్పి రా అన్నదంట, లేచి నిలబడితే కాళ్ళు వచ్చినయి. తర్వాత తుఫాన్ల చిక్కిన పోర్చుగీసు ఓడవాళ్ళు ఒడ్డుకు చేరి గుడి కట్టిన్రని చెప్తరు, వాళ్ళు ఒడ్డెక్కిన రోజు సెప్టెంబర్ 8, మరియమాత పుట్టినరోజు పండగ. ఈ కథలల్ల చూడు తమ్ముడూ, ఆ తల్లి అడిగింది ఎవల్ని, పాలు పోసే పిల్లగాన్ని, మజ్జిగ అమ్మే కుంటి పిల్లగాన్ని. పైసలు లేక రాలేకపోయిన మీ అమ్మ మీద ఆమెకు కోపం ఉంటదని ఎట్ల అనుకుంటవ్?

మీరు హిందువులు కాబట్టి పోవచ్చా అని కూడ నీ ఉత్తరంల కింద చిన్నగ రాసినవ్. 2024 ఆగస్టు 1న వాటికన్ల విశ్వాస విషయాలు చూసే శాఖ అధిపతి కార్డినల్ విక్టర్ మాన్యుయెల్ ఫెర్నాండెజ్ గారు వేళాంగణి గురించి తంజావూరు బిషప్‌కు ఉత్తరం రాసిన్రు. అక్కడికి క్రైస్తవులు కాని యాత్రికులు కూడ ఎంతోమంది వస్తరు, అక్కడ ఓదార్పు పొందుతరు, దాన్ని మతాలు కలగలుపుడు కింద చూడొద్దు అని దాని సారాంశం. రోమ్ నుంచే గా మాట వచ్చినంక ఇంక నిన్ను ఎవలు ఆపుతరు?

తలనీలాలు ఇవ్వాల్నంటే ఇయ్యి, అక్కడ ఇస్తరు. కొలను నుంచి గుడి దాక ఇసుక బాట ఉంటది, మోకాళ్ళ మీద నడిచేటోళ్ళు దాని మీదనే నడుస్తరు, నువ్వు మాత్రం కాళ్ళ మీదనే నడువు, పొద్దుగాల ఎండ పడకముందు, మీ అమ్మను తలుచుకుంట. ఆ బాట ఎంబడి సిలువమార్గం స్థలాలు ఉంటయి, ఒక్కో కాడ ఒక్క నిమిషం ఆగినా చాలు. అది కూడ ఇప్పుడు పైసలు లేవనుకుంటే కాజీపేట ఫాతిమానగర్‌లనే అమ్మ పేరు మీద ఒక పూజ (ఫాదర్ చెప్పే మాస్) చెప్పించు. మీ అమ్మ శనివారం శనివారం కొవ్వొత్తి పట్టుకొని పోయింది ఆడికే కదా, 1917ల పోర్చుగల్ల ఫాతిమాల ముగ్గురు పశువుల కాపరి పిల్లలకు కనబడ్డ మాత పేరు మీద కట్టిన గుడి, మన వరంగల్ మేత్రాసనానికి, అంటే బిషప్ గారి కింద ఉన్న ఇలాకాకు, పెద్దగుడి అదే. ఆమె ఎన్నోసార్లు మొక్కిన తావు నీ ఇంటి పక్కనే ఉన్నది.

ప్రశ్న: నేను కరీంనగర్‌ల డిగ్రీ చదువుతున్న, హిందువును. మా ఫ్రెండ్ వాళ్ళ ఫ్యామిలీతో గుణదల పోతున్న. పూజల అందరు లైన్ల నిలబడి ఏదో తెల్లగ గుండ్రంగ ఇస్తే తింటరు కదా, అది ప్రసాదమే కదా తీసుకోవచ్చా, తీసుకోకపోతే వాళ్ళు ఫీల్ అయితరా? ఇంక గుడిల ఎట్ల ఉండాలె?

జవాబు: అడిగినందుకు మంచిగనిపించింది చెల్లే, చాలమంది అడగకుండనే లైన్ల నిలబడి ఫాదర్ ముందటికి పోయినంక తడబడుతరు. అది దివ్యసత్ప్రసాదం, కథోలికుల నమ్మకంల అది యేసుప్రభువు శరీరమే, గుర్తు కాదు, నిజంగ ఆయనే. కథోలికులే అయినా బాప్తిస్మం తీసుకొని, తర్వాత తయారై మొదటి సత్ప్రసాదం అందుకున్నంకనే తీసుకుంటరు, తీసుకునే ముందు ఒక గంట ఏమీ తినరు, నీళ్ళూ మందులూ తప్ప. అందుకని నువ్వు తీసుకోవద్దు. తీసుకోకపోతే ఎవ్వలూ ఫీల్ కారు, బెంచీల నీ జాగల నువ్వు కూసో, పక్కోళ్ళు పోవడానికి మోకాళ్ళు పక్కకు జరుపు, అంతే. కొన్ని గుళ్ళల్ల చేతులు ఛాతీ మీద అడ్డంగ పెట్టుకొని పోతే ఫాదర్ దీవెన ఇస్తరు, కానీ అన్ని చోట్ల ఆ అలవాటు లేదు, నీ ఫ్రెండ్‌ను ముందే అడుగు.

గుడిల లోపలికి పోంగనే పీఠం దిక్కు చూస్తే ఎర్ర దీపం ఒకటి వెలుగుతుంటది. అది వెలుగుతున్నదంటే దివ్యమందసంల, అంటే సత్ప్రసాదం దాచే పెట్టెల, సత్ప్రసాదం ఉన్నదని లెక్క. కథోలికులు దాని ముందట కుడి మోకాలు నేలకానించి మొక్కి కూసుంటరు, నువ్వు దండం పెట్టుకున్నా సరిపోతది. ద్వారం కాడ ఉన్న నీళ్ళు వాళ్ళు వేలితోని ముట్టి సిలువ గుర్తు వేసుకుంటరు, అది తాగే తీర్థం కాదు. చెప్పులు ఎక్కడ విడవాల్నో అక్కడి జనాన్ని చూసి విడువు. నెత్తి మీద కొంగో చున్నీనో వేసుకునుడు మన దిక్కు ఆడోళ్ళకు అలవాటు, ఇప్పుడది శ్రీసభ చట్టంల లేదు, వేసుకుంటే అందంగ ఉంటది, లేకపోతే తప్పు లేదు. భుజాలు, మోకాళ్ళు కప్పేటట్టు బట్టలు ఉండాలె. ఫోన్ సైలెంట్‌ల పెట్టి బ్యాగుల వెయ్యి, పూజ నడిచేటప్పుడు ఫోటోలు, రీల్స్ వద్దే వద్దు. ఈ ఒక్క సంగతిల మాత్రం నాకు బాధైతది, పక్కన ఒకామె కొడుకు కోసం వెక్కివెక్కి ఏడుస్తుంటది, ఆమె వెనుక నిలబడి సెల్ఫీ దిగుతరు.

నువ్వు చేయగలిగేది చాల ఉన్నది. నిలబడినప్పుడు నిలబడు, కూసున్నప్పుడు కూసో, పాట వస్తే పాడు. అందరు అయిపోయి బయటికి పోయినంక ఒక పది నిమిషాలు లోపలనే కూసో, నీ మనసుల ఉన్నది చెప్పుకో. యాత్ర అంటే లైన్ల నిలబడుడు, కొబ్బరికాయ కొట్టుడు, కొవ్వొత్తి వెలిగించుడు అయిపోయింది మనకు, ఆ పది నిమిషాలు కూసునేటోళ్ళే తక్కువైన్రు.

ప్రశ్న: మాది జనగామ దిక్కు. నేను కథోలిక్, మా ఆయన హిందువు, రిజిస్టర్ పెళ్ళి చేసుకున్నం, ఒక బాబు. పెళ్ళయినప్పటి నుంచి నేను సత్ప్రసాదం తీసుకుంటలేను, ఊర్ల ఫాదర్‌ను కలవాల్నంటే సిగ్గు, మా నాయిన ఇంకా మాట్లాడుతలేడు. తెలిసినామె ఏమంటదంటే వేళాంగణిల నిన్నెవ్వరు గుర్తుపట్టరు, ఆడ పోయి తీసుకో అని. తీసుకోవచ్చా అక్కా, నాకు మస్తు ఆశ ఉన్నది.

జవాబు: నీ ఆశ చూస్తే నాకు కండ్ల నీళ్ళు తిరిగినయి చెల్లే, ఎందుకంటే ఇన్నేండ్లైనా ఆ ఆకలి పోలేదు నీకు. కానీ వద్దు, అట్ల తీసుకోకు. గుర్తుపడుతరని కాదు, గుర్తుపట్టకపోయినా సంగతి మారదు. దొంగతనంగ తీసుకున్నదాన్ల నీకు శాంతి దొరకదు, పైగ నీ సమస్యకు మంచి దారి ఉన్నది, అది జనగామలనే ఉన్నది, వేళాంగణిల కాదు.

కథోలిక్ మనిషి పెళ్ళి శ్రీసభ దృష్టిల చెల్లాల్నంటే మామూలుగ గురువు ముందట, ఇద్దరు సాక్షుల ముందట మాట ఇయ్యాలె. అవతలి మనిషికి బాప్తిస్మం లేకపోతే దానికి బిషప్ గారి దగ్గర అనుమతి తీసుకోవాలె. ఇవి రెండూ మీ పెళ్ళిల జరగలేదు, అంతే తేడా. ఇప్పుడు కూడ జరిపించుకోవచ్చు. మీ ఆయన మతం మారనక్కర లేదు, ఈ ముక్క మీ ఆయనకు కూడ చదివి వినిపించు, ఎందుకంటే చాల ఇండ్లల్ల మొగుడు ఫాదర్ కాడికి రానిది ఆ భయంతోనే. నువ్వు మాత్రం నీ విశ్వాసం విడువను, పిల్లలకు బాప్తిస్మం ఇప్పించి కథోలికులుగ పెంచడానికి నా చేతనైనంత చేస్త అని మాట ఇయ్యాలె, ఆ మాట నువ్వు ఇచ్చినట్టు మీ ఆయనకు తెలిసి ఉండాలె. తర్వాత చిన్నగ, పిలుపులు లేకుండ, పూజ కూడ లేకుండ గుడిలనో ఫాదర్ ఒప్పుకున్న చోటనో మాట ఇచ్చుకుంటే అయిపోతది. ఒకవేళ మీ ఆయన మంచోడే గానీ గుడిల నిలబడి మళ్ళ పెళ్ళి మాట చెప్పడానికి ఒప్పుకోకపోతే దానికి కూడ చట్టంల దారి ఉన్నది, మీరు మళ్ళ మాట ఇచ్చుకోకుండనే మీ పెళ్ళిని బిషప్ మొదటి నుంచి సరిచేసే పద్ధతి, 1161వ నియమం. ఆ నంబర్ చెప్పి ఫాదర్‌ను అడుగు.

నువ్వు బాప్తిస్మం తీసుకున్న విచారణల కొత్త సర్టిఫికెట్ తీసిపెట్టుకో, రిజిస్టర్ పెళ్ళి కాగితం పెట్టుకో, పో. మీ ఊరి ఫాదర్ దగ్గర సిగ్గైతే పక్క విచారణ ఫాదర్‌తోని ముందు మాట్లాడు, లేకుంటే ఫాతిమానగర్‌ల బిషప్ గారి ఆఫీసుకు పో, ఇసొంటి కేసులు వాళ్ళకు కొత్త కాదు. బాబు బాప్తిస్మం కోసం నీ పెళ్ళి సరయ్యేదాక ఆగాల్నని కూడ అనుకోకు. తల్లిదండ్రులల్ల ఒక్కరన్న ఒప్పుకొని, పిల్లగాన్ని విశ్వాసంల పెంచుతరన్న ఆశ ఉంటే చాలు, తల్లి పెళ్ళి సంగతి పిల్లగానికి అడ్డం కాదు.

అప్పటిదాక వేళాంగణి పోవద్దా? పో. బాబును ఎత్తుకొని మాత ముందట నిలబడు. జపమాల చెప్పు, పూజల కూసో, అందరు సత్ప్రసాదం తీసుకునేటప్పుడు నువ్వు కండ్లు మూసుకొని ప్రభువా నా మనసులకు రా అని అడుగు, పునీతులు ఎంతోమంది ఈ ప్రార్థన చేసిన్రు, ఇది తక్కువ ప్రార్థన కాదు. మీ నాయిన ముచ్చట కూడ ఆడనే చెప్పుకో. కానీ రైలెక్కకముందే ఫాదర్‌ను ఒక్కసారి కలిసి పో, నా మాట విను.

ప్రశ్న: కాజీపేట రైల్వే కాలనీల ఉంటం. మా అవ్వకు డెబ్బై ఐదు దాటినయి, వేళాంగణి చూస్తనని పట్టుపట్టింది. పండగకే పోవాల్నా? ఎట్ల పోవాలె?

జవాబు: పండగకు మాత్రం తీసుకపోకుండ్రి. ఆగస్టు 29 సాయంత్రం జెండా ఎక్కుతది, సెప్టెంబర్ 8 దాక ఆ చిన్న ఊర్ల కాలు పెట్టే జాగ ఉండదు, కాషాయం బట్టలు కట్టుకొని తమిళనాడు అంతట నుంచి నడిచొచ్చేటోళ్ళే ఎంతోమంది, పెద్దమనిషికి ఆ తోపులాట కష్టం. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాక ఆ సముద్రతీరంల వానలు, తుఫాన్లు. ఎండాకాలం ఇసుక కాలుతది. జనవరి, ఫిబ్రవరి మంచిగుంటది, వారం మధ్యల పోతే ఇంకా మంచిది, మాత కండ్ల ముందట ఎంతసేపైనా కూసోవచ్చు.

రైల్వే కాలనీల ఉండేటోళ్ళకు రైళ్ళు నేను చెప్పాల్నా గానీ, కాజీపేట నుంచో వరంగల్ నుంచో చెన్నై, ఆడ ఎగ్మూర్ నుంచి నాగపట్నం దిక్కు పోయే రాత్రి రైలు, నాగపట్నం నుంచి బస్సుకో ఆటోకో అరగంట. వేళాంగణికి సొంత స్టేషన్ కూడ ఉన్నది, 2010ల లైన్ వేసిన్రు. రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తున్నరు, 2024 నవంబర్ నుంచి మారింది, పాత లెక్కల నాలుగు నెలలు అనుకొని ఉండకుండ్రి. అవ్వకు కింది బెర్త్ చూసుకోండ్రి, చెన్నైల స్టేషన్ మారేటప్పుడు నాలుగైదు గంటలు గ్యాప్ పెట్టుకోండ్రి. రూమ్ గుడివాళ్ళ సొంత వసతి గృహాలల్లనే అడుగుండ్రి, బస్టాండ్ కాడ చెయ్యి పట్టి గుంజే బ్రోకర్ల మాట వినొద్దు. ఆదివారం రైల్ల గడుస్తదని బాధపడితే శనివారం సాయంత్రం పూజకు పోతే ఆదివారం పూజ కిందనే లెక్క.

ఒక్క జాగ్రత్త, పిల్లల్ని సముద్రంల లోపలికి పోనియ్యకుండ్రి. 2004 డిసెంబర్ 26న సునామీ ఆ ఒడ్డు మీదికే వచ్చింది, క్రిస్మస్‌కు వచ్చిన యాత్రికులు ఎంతోమంది ఒడ్డు మీదనే పోయిన్రు. ఆ రోజు పోయినోళ్ళ కోసం ఒక జపం చెప్పుమని మీ అవ్వకు చెప్పుండ్రి, పెద్దోళ్ళ జపం మంచిగ ముడుతది.

అంత దూరం అవ్వకు కాదనిపిస్తే గుణదల ఉన్నది, పొద్దుగాల విజయవాడ పోయే రైలు ఎక్కితే రాత్రికి ఇంటికి రావచ్చు. 1924ల ఫాదర్ ఆర్లాటి అనే ఇటలీ గురువు అక్కడ లూర్దుమాత స్వరూపం పెట్టిండు, ఫ్రాన్సుల లూర్దుల బెర్నదెత్ అనే పిల్లకు మాత మొదటిసారి కనబడ్డది 1858 ఫిబ్రవరి 11, అందుకే గుణదల పండగ ఫిబ్రవరి 9, 10, 11. ఆ మూడు రోజులు తప్ప ఎప్పుడైనా పోండ్రి. కొండ మీద సిలువ దాక ఎక్కకపోయినా యాత్ర యాత్రనే.

ప్రశ్న: మా కోడలు వేరే చర్చి, ప్రొటెస్టెంట్. వేళాంగణికి రానంటున్నది, విగ్రహాలకు మొక్కనంటది. మెదక్ చర్చికైతే వస్తదంట. మెదక్ మనదే కదా? (నర్సంపేట)

జవాబు: మెదక్ కథోలిక్ గుడి కాదమ్మా, సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) అనే ప్రొటెస్టెంట్ వాళ్ళది. చార్లెస్ వాకర్ పోస్నెట్ అనే మెథడిస్టు మిషనరీ 1914ల మొదలుపెడితే 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ అయింది, కరువుల జనానికి పని దొరికింది దాంతోనే, ఆ రంగు అద్దాల కిటికీలు చూడటానికే దేశమంతట నుంచి వస్తరు. మీరు పోయి ప్రార్థన చేసుకోవచ్చు, చక్కగ చేసుకోండ్రి, ప్రభుభోజనం మాత్రం మీరు తీసుకోవద్దు.

కోడలి సంగతి. ఆమెకు చెప్పుండ్రి, దేవునికి చేసే ఆరాధన వేరే, మరియమ్మకు ఇచ్చే గౌరవం వేరే అని శ్రీసభ 787ల నిసియాల జరిగిన బిషప్పుల మహాసభలనే తేల్చి చెప్పింది, మంగళవార్త జపంల మనం మాతను అడిగేది మా కొరకు ప్రార్థించుమనే. విన్నదా మంచిదే. వినకపోతే గుంజుకపోకుండ్రి. అత్తగారి మాట కోసం ఇష్టం లేకుండ మాత ముందట నిలబడ్డ మనిషి ప్రార్థన ఏం చేస్తది. మీ కొడుకు ఇంట్ల వాళ్ళిద్దరు కలిసి బైబిల్ చదువుతున్నరా, అది చూసుకోండ్రి. మెదక్‌కు ఆమెతోని మీరు పోండ్రి, ఎప్పుడో ఒకసారి గుణదలకు మీతోని ఆమె రావచ్చు.

ప్రశ్న: మా బాపుకు పక్షవాతం, మంచంలనే ఉంటడు. వేళాంగణి నుంచి నూనె, తీర్థం తెచ్చి రాస్తే లేస్తడని ఒకాయన చెప్పిండు, నా తరఫున ఆయననే పోయి పూజ చేయించి తెస్తనని పైసలు అడుగుతున్నడు, తక్కువేం కాదు. ఇయ్యాల్నా? (మంచిర్యాల)

జవాబు: ఇయ్యకు. పూజ చెప్పించడానికి మధ్యల మనిషి అక్కర లేదు. మీ ఊరి విచారణల ఫాదర్ చెప్పిన పూజ, వేళాంగణిల చెప్పిన పూజ రెండూ ఒక్కటే, దాంట్ల యేసుప్రభువు బలి ఒక్కటే. పూజకు కానుక ఇచ్చుడు ఆచారం, కానీ కానుక ఇయ్యలేని బీదోళ్ళ కోసం కూడ గురువులు పూజ చెప్పాల్నని చట్టమే గట్టిగ కోరుతది, 945వ నియమం చూడు. చేతుల పైసలు లేకపోతే లేవని చెప్పు, ఏ సిగ్గూ అక్కర లేదు.

నూనె మందు కాదు. ప్రార్థన చేసుకుంట రాస్తే మంచిదే, కానీ ఫిజియోథెరపీ ఆపొద్దు, బీపీ గోలీలు ఆపొద్దు, ఎవలన్న ఆపుమంటే ఆ మనిషిని ఇంట్లకు రానియ్యకు.

బాపుకు కావాల్సింది నీ ఇంటికే వస్తది. వ్యాధిగ్రస్తుల అభ్యంగనం అని ఒక దేవద్రవ్యానుమానం, అంటే శ్రీసభ ఇచ్చే పవిత్ర సంస్కారం, ఉన్నది, పాతకాలంల చావు దగ్గరికొచ్చినోళ్ళకే ఇస్తరనుకునేది, అందుకే ఫాదర్ వస్తున్నడంటే ఇంట్లోళ్ళు ఏడ్చేటోళ్ళు. అట్ల కాదు, పెద్ద జబ్బు చేసినోళ్ళకు, ముసలితనంతోని బాగ బలహీనమైనోళ్ళకు అందరికీ ఇస్తరు, జబ్బు మళ్ళ ముదిరితే మళ్ళ ఇస్తరు. బాపు మాట్లాడగలిగితే ముందు పాపసంకీర్తనం చేస్తడు, తర్వాత ఫాదర్ నుదుటికీ చేతులకూ నూనె రాసి ప్రార్థన చేస్తరు, సత్ప్రసాదం ఇస్తరు. ముద్ద మింగుడు కష్టమైతే చిన్న ముక్క చాలు, ముందే చెప్పు. గంట ఉపవాసం జబ్బుతోని ఉన్నోళ్ళకు, వాళ్ళను చూసుకునేటోళ్ళకు వర్తించదు, కాబట్టి నువ్వు కూడ బాపుతోని కలిసి తీసుకోవచ్చు.

ఫాదర్ వచ్చేరోజు చిన్న టేబుల్ మీద తెల్లబట్ట పరిచి, సిలువ, రెండు కొవ్వొత్తులు, ఒక గ్లాసు మంచినీళ్ళు పెట్టు, టీవీ బంద్ చెయ్యి, బాపుకు స్నానం చేయించి ఉతికిన బట్టలు తొడుగు. ఒకసారితోని ఆపకుండ మంచంల ఉన్నోళ్ళకు ఎప్పుడెప్పుడు సత్ప్రసాదం తెస్తరో అడిగి, చాల విచారణలల్ల మొదటి శుక్రవారం తెస్తరు, ఆ లిస్టుల బాపు పేరు రాయించు. ఈ ఆదివారమే పూజ అయిపోయినంక అడుగు.